వెనక్కి వెళ్లని కారు

మా పురపాలక సంఘం వారి అమెరికా కారు పునరుద్ధరణ విజయవంతంగా పూర్తయిందనీ, ఇంజను మినహా అన్ని భాగాలూ కొత్తవాటిలా మెరుస్తున్నాయనీ, కాబట్టి పౌరులు నేటి నుంచి గర్వపడవచ్చుననీ ఒక సోమవారం పొద్దున మా ఆఫీసు నోటీసు బోర్డు మీద ప్రకటన వెలువడింది. ఆ ప్రకటన రాసింది నేనే. "ఇంజను మినహా" అన్న మాట చిన్న అక్షరాల్లో రాయమన్నారు, రాశాను. నేను ఆ ఆఫీసులో సమావేశాల తీర్మానాలు రాసే గుమాస్తాను. ఇరవై ఆరేళ్లుగా ఎవరేం మాట్లాడినా దాన్ని మాట్లాడదగిన మాటగా మార్చి పుస్తకంలోకి ఎక్కించడమే నా ఉద్యోగం. కాబట్టి నేను చెప్పేదంతా నిజమేనని మీరు నిశ్చింతగా నమ్మవచ్చు.

కారు సంగతి తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఎప్పుడో ఏదో కంపెనీ పెద్దమనిషి ఊరు వదిలి పోతూ దాన్ని మా నీళ్ల ట్యాంకర్ల షెడ్డులో పెట్టి, మళ్లీ వస్తానని చెప్పి రాలేదు. నలభై ఏళ్లు అది అక్కడే ఉండి చీపురుకట్టల్నీ, బ్లీచింగ్ పౌడరు బస్తాల్నీ మోసింది. మడిచే టాపు, పంతొమ్మిది అడుగుల పొడవు, ముందు మనిషంత వెడల్పు బంపరు, ఎక్కడ చూసినా క్రోమ్ పూత. వెనక రెండు పక్కలా నిటారుగా లేచిన తోకరెక్కలు. అవి దేనికని అడిగితే, "దేనికీ కాదండీ, ఊరికే. ఆ రోజుల్లో అలా పెట్టేవాళ్లు" అన్నాడు మెకానిక్. దేనికీ పనికిరానిదాన్ని అంత ఎత్తుగా, అంత ధగధగలాడేలా తయారుచేశారని తెలియగానే మా అధ్యక్షులవారికి ఆ కారు మీద ఆత్మీయత కలిగింది. పునరుద్ధరణ కమిటీ వేశారు. దానికి కార్యదర్శిగా అధ్యక్షులవారి బావమరిదిని ఏకగ్రీవంగా ఎన్నుకున్నాం. ఆయనకి కార్ల గురించి ఏమీ తెలియదు కనుక పక్షపాతం లేకుండా పనిచేస్తారని అందరం నమ్మాం.

మెకానిక్ ఒక్కడే మొదట్నుంచీ కాస్త తేడాగా మాట్లాడాడు. ఇంజను తుప్పు పట్టి ముద్దయిపోయిందనీ, ముందు దాని సంగతి చూడాలనీ, హంగులన్నీ తర్వాతేననీ అతని వాదన. కమిటీ ఓపిగ్గా విన్నది. బానెట్టు మూసి ఉంటే ఇంజను ఎవరికైనా కనిపిస్తుందా అని అధ్యక్షులవారు అడిగారు. కనిపించదన్నాడు. "కనిపించని భాగాలు రెండో విడతలో" అని తీర్మానం రాశాను.

"ఇంజను లేకుండా కారెలా నడుస్తుందండీ?" అన్నాడు మెకానిక్ గుడ్లు తేలేసి.

"మన ఆఫీసు నడవటం లేదూ?" అన్నారు అధ్యక్షులవారు.

ఆయన హాస్యానికి అందరం నవ్వాం. అది హాస్యం కాదని తెలిశాక గంభీరంగా తలలూపాం.

మిగతా పని అద్భుతంగా సాగింది. అందులో అసలైన అద్భుతం టైలరమ్మ పని. ఇది వెటకారం కాదు. వెటకారం కాని చోట నేనే చెప్తాను, మీరు వెతుక్కోనక్కర్లేదు. బజారు వీధి మలుపులో, సరిగ్గా మూల మీద ఆవిడ కొట్టు. ఎనిమిదడుగుల గది. ఒక కుట్టుమిషను, గుడ్డ కత్తిరించే బల్ల, మేకుకి వేలాడే కాగితపు నమూనాలు, కిటికీ దగ్గర వాళ్లక్క. అక్కకి ఒక కాలు సరిగా ఆనదు. కదలకుండా కూర్చుని కాజాలు కుడుతుంది. వాళ్ల ఇల్లు ఆ గది వెనకే, మధ్యలో ఒక్క గడప. అక్క రోజంతా వేసే అడుగులు ఆ గడప దాటడానికి వేసే నాలుగే. ఇరవై రెండేళ్లుగా ఇద్దరు ఆడవాళ్లు ఆ గదితోనే బతుకుతున్నారు. బళ్లో పిల్లల యూనిఫారాల్లో సగం అక్కడ పుట్టినవే.

కారు సీట్లూ, టాపూ కుట్టమని అప్పగిస్తే ఆవిడ మొదట జంకింది. తర్వాత పాత సీటు తొడుగు ఒక్కో కుట్టే విప్పి, ఏ ముక్క మీద ఏ ముక్క వేశారో కాగితం మీద రాసుకుంది. ఎరుపూ తెలుపూ సీట్లు, అంచుకి వేలికి తగిలీ తగలని సన్నటి పైపింగు. టాపుకి మందపాటి కాన్వాసు రెండు పొరలు. మిషను సూది దిగని మూలలన్నీ అక్క చేత్తో కుట్టింది. నాలుగు నెలలు పట్టింది. అయిపోయాక టాపు పైకి లేపి, ఇద్దరూ లోపల కూర్చుని, పైనుంచి బకెట్లతో నీళ్లు పోయమన్నారు. పోసింది నేనే. ఒక్క చుక్క దిగలేదు.

"చూశారా అన్నయ్యగారూ, ఎంత వానొచ్చినా ఇంట్లో ఉన్నట్టే" అంది టైలరమ్మ తల బయటపెట్టి. వాళ్లక్క నవ్వుతుంటే నేను చూడటం అదే మొదటిసారి. ఆ నవ్వుని ఎక్కించడానికి మా పుస్తకంలో పద్దు లేదు.

అధ్యక్షులవారు టాపుని ఎంతగానో మెచ్చుకుని, దాన్ని ఇక ఎప్పుడూ పైకి లేపరాదని ఆదేశించారు. టాపు వేస్తే లోపలివారు జనానికి కనిపించరు. కనిపించని అధ్యక్షుడికీ, అసలు లేని అధ్యక్షుడికీ తేడా ఏముంటుందన్నది ఆయన ప్రశ్న. టాపు మడిచి సీటు వెనక పట్టీలతో బిగించేశారు. ఆ తర్వాత డ్రైవరు తల అధ్యక్షులవారి తలకన్నా ఎత్తుగా ఉందని బావమరిదిగారు కనిపెట్టారు. డ్రైవరు సీట్లో స్పంజి తీయించి నాలుగంగుళాలు దించారు. ఇప్పుడు డ్రైవరుకి రోడ్డు కనిపించదు. ఇంజను ఎలాగూ లేదు కాబట్టి దీన్ని లోపంగా పరిగణించనవసరం లేదని మా ఆఫీసు ఇంజనీరుగారు లిఖితపూర్వకంగా నిర్ధారించారు.

ఇక ఊరేగింపు. షెడ్డు నుంచి బజారు వీధి మీదుగా సభామందిరం దాకా కారు వెళ్లాలి, అధ్యక్షులవారు చెయ్యి ఊపాలి, మందిరంలో ఉపన్యాసం ఇవ్వాలి. దారి కొలవడానికి ఇంజనీరుగారు బయల్దేరారు. మా ఆఫీసు టేపుకి మొదటి రెండడుగుల్లో అంకెలు చెరిగిపోయాయి కనుక మలుపు దగ్గర టైలరమ్మ టేపు అడిగి తీసుకున్నారు. ఆవిడ ఒక కొస పట్టుకుని సాయం కూడా చేసింది. కొలుస్తున్నది ఆవిడ గోడని ఎంత మేరకి కూల్చాలన్న సంగతి మాత్రం చెప్పలేదు. చెబితే పట్టుకున్న కొస కదిలి కొలత తేడా వస్తుందని ఇంజనీరుగారి ముందుచూపు.

కొలత తేలింది. పంతొమ్మిది అడుగుల కారు ఆ మలుపులో ఒక్క ఊపున తిరగదు. అయిదడుగులు తక్కువ. ఎనిమిదడుగుల కొట్టులో అయిదడుగులు తీసేసి మూడడుగులు వదిలేద్దామని మొదట మానవతా దృక్పథంతో ఆలోచించారు. మూడడుగుల కొట్టు చూడటానికి బాగుండదని సౌందర్య దృక్పథంతో మళ్లీ ఆలోచించి, మొత్తం తీసేద్దామని తేల్చారు.

ఆ సంగతి తెలిసి టైలరమ్మ సమావేశానికి వచ్చింది. చేతిలో రెండు అట్టముక్కలు. ఒకటి వీధి మలుపు, ఇంకొకటి కారు. చొక్కా నమూనా కత్తిరించినంత శ్రద్ధగా, అంగుళానికి అడుగు చొప్పున లెక్కకట్టి కత్తిరించుకొచ్చింది. వాటిని బల్ల మీద పరిచింది.

"సార్, ఒక్క నిమిషం చూడండి. ఇక్కడిదాకా వచ్చాక ఇలా కొంచెం వెనక్కి లాగాలి. మళ్లీ ముందుకి. మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకి. అంతే, తిరిగిపోయింది. గోడ ముట్టుకోనక్కర్లేదు సార్."

అట్టకారు నిజంగానే తిరిగింది. "అందరూ తిప్పేది అలాగేనండీ" అన్నాడు మెకానిక్. ఇంజనీరుగారు ఫ్యాను వైపు చూశారు. నేను కలం మూత తీసి, పెట్టి, మళ్లీ తీశాను. ఒక సమస్య ఇంత సులువుగా పరిష్కారమైతే కమిటీ గతేం కావాలన్న బెంగ అందరి మొహాల్లోనూ కనిపించింది. అప్పుడు బావమరిదిగారు తేరుకున్నారు.

"ఏమ్మా, బావగారు కూర్చున్న కారు వెనక్కి లాగమంటావా? నలుగురూ చూస్తుండగా?"

అధ్యక్షులవారు లేచి నిలబడ్డారు. గొంతు సవరించుకున్నారు. తొమ్మిది మందిమి ఉన్న గదిలో తొమ్మిది వేల మందికి వినిపించేలా మాట్లాడటం ఆయన అలవాటు.

"సోదర సోదరీమణులారా! ఈ కారు ఉట్టి కారు కాదు. మన ఊరి ముందుచూపు, మన ఊరి దర్జా! దీని ముందు భాగం చూడండి, ఎంత ఠీవిగా ఉందో! ఇలాంటి వాహనం మీద నిలబడి నేను ప్రజలకి చెయ్యి ఊపుతూ ఉంటాను. అదే క్షణంలో కారు వెనక్కి పోతే? ప్రజల్ని చూసి నేను పారిపోతున్నట్టు ఉండదా? అది ప్రజలకి అవమానం కాదా? నా సంగతి వదిలెయ్యండి, నేను దేనికైనా సిద్ధం. ప్రజలకి అవమానం జరగనివ్వను! మన కారు వెనక్కి వెళ్లదు! ఏనాటికీ వెళ్లబోదు!"

"వెనక్కి వెళ్లరాదు" అని తీర్మానం రాశాను.

"గది పోతే మేమెక్కడ కూర్చోవాలి సార్? మా అక్క నడవలేదు" అంది టైలరమ్మ.

"తల్లీ, నీ త్యాగం చరిత్రలో నిలిచిపోతుంది."

"చరిత్రలో మిషను పట్టదు కదండీ."

ఆ మాట తీర్మానాల పుస్తకంలో "ఆమె హర్షం వెలిబుచ్చారు" అని ఎక్కింది. అలా ఎక్కించిన చెయ్యి ఎవరిదో మీకు తెలుసు. "తన కొట్టును స్వచ్ఛందంగా అప్పగించినందుకు" అని ప్రశంసాపత్రం కూడా నేనే రాశాను. "స్వచ్ఛందంగా" అన్న మాట ఎవరూ చెప్పలేదు, అలవాటు కొద్దీ పడింది. తర్వాత చూసుకుని సిగ్గేసింది. ఇది కూడా వెటకారం కాదు.

గురువారం కూల్చారు. వీధివారందరం సాయం పట్టాం. మా ఊరి మంచితనం అలాంటిది. ఎవరిదైనా కొంప కూలుతుంటే సామాన్లు బయటపెట్టడానికి ఒక్కరు కూడా వెనకాడరు. మిషనుని ఇద్దరు ఎదురింటి అరుగు మీదికి, బల్లని నలుగురు, అక్కని కుర్చీతో సహా ముగ్గురు వెనక ఇంట్లోకి మోశారు. గదితో పాటు దాన్ని ఆనుకున్న ఇంటి గోడ కూడా ఒరిగితే దానికి రేకు అడ్డం పెట్టి, అది కారు వెళ్లే దారికి ఎదురుగా ఉంది కనుక రేకు మీద స్వాగతం బ్యానరు కట్టాం.

ఆదివారం ఊరేగింపు. కారు తోయడానికి పద్నాలుగు మందిని హోదా ప్రకారం ఎంపిక చేశారు. తోకరెక్కలు పట్టుకునే గౌరవం సీనియర్ గుమాస్తాలది. జూనియర్లకి లాగడానికి ముందు బంపరు. తాత్కాలిక ఉద్యోగులు పక్కలకి వంగి, తలలు పైకి కనిపించకుండా తోయాలి. నాకు ఎడమ రెక్క దక్కింది. ఇరవై ఆరేళ్ల సర్వీసుకి ఇంతకన్నా పెద్ద గుర్తింపు నాకు రాలేదు. ఇంజను శబ్దం లేకపోతే వెలితిగా ఉంటుందని బావమరిదిగారు మైకు సెట్టులో ఏదో లారీ చప్పుడు పెట్టించారు. మేం రొప్పుతుంటే ఆ చప్పుడు ముందు నడిచింది.

మలుపు దగ్గర కారు ఒక్క ఊపున తిరిగింది. ఇంకా మూడడుగులు మిగిలాయి కూడా. ఇంజనీరుగారి కొలతలో ఆ మాత్రం ఉదారత ఉంటుంది. జనం ఈలలు, చప్పట్లు. చప్పట్లు కొట్టినవారిలో సగానికి పైగా టైలరమ్మ కుట్టిన చొక్కాల్లోనే ఉన్నారు.

సభామందిరం ముందు ఉపన్యాసం అయింది. తిరిగి షెడ్డుకి వెళ్దామని చూస్తే కారు తిప్పడానికి చోటు లేదు. ఇంజనీరుగారిని అడిగారు. తీర్మానం వెళ్లడం గురించేననీ, రావడం గురించి తనకి లిఖితపూర్వక ఆదేశం లేదనీ ఆయన చెప్పారు. నిజమే, పుస్తకం నేనే చూశాను. మందిరం మెట్లు కూల్చితే తిరుగుతుంది. కానీ మెట్ల మీద అధ్యక్షులవారి పేరు చెక్కిన రాయి ఉంది. దానివైపు చూసే ధైర్యం కూడా ఎవరూ చెయ్యలేదు.

బానెట్టు మీదే అత్యవసర సమావేశం జరిగింది. అందమంతా తోకరెక్కల్లోనే ఉంది కనుక, ఈ రోజు మధ్యాహ్నం పన్నెండుంపావు నుంచి కారుకి వెనక వైపే ముందు వైపుగా పరిగణించాలని తీర్మానించారు. అధ్యక్షులవారు అటు తిరిగి కూర్చుని చెయ్యి ఊపడం మొదలుపెట్టారు. జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. ఒక్కరు కూడా నవ్వలేదు. ఇప్పుడు బంపరు దగ్గరి జూనియర్లు మాకన్నా ముందున్నారా, వెనకున్నారా అన్న విషయం మీద మాలో మాకు చిన్న గొడవ జరిగింది గానీ, అది ఆఫీసు లోపలి విషయం.

మలుపులో ఈసారి ఒక్క ఊపున తిరగలేదు. రోడ్డు కనిపించని డ్రైవరు స్టీరింగు అటు తిప్పాల్సింది ఇటు తిప్పాడు. రెండుసార్లు వెనక్కి లాగి, రెండుసార్లు ముందుకి తోశాం. తిరిగిపోయింది. ఎదురింటి అరుగు మీద మిషను పక్కన నిలబడి టైలరమ్మ మొత్తం చూసింది.

"వెనక్కి లాగారు కదండీ ఇప్పుడు?" అని ఇంజనీరుగారిని అడిగింది. గొంతులో కోపం కూడా లేదు, ఉట్టి ఆశ్చర్యం.

"లేదమ్మా. అది ముందుకే. రికార్డు చూసుకో" అన్నారాయన.

మర్నాడే ఆవిడ అర్జీ పట్టుకొచ్చింది. కారు ఆ మలుపులో వెనక్కీ ముందుకీ తిరగగలదని ఊరంతా చూసింది కాబట్టి తన గది తనకి కట్టించాలి. అప్పటిదాకా, ఎవరూ వాడని ఆ టాపు ఇప్పిస్తే నాలుగు కర్రలు పాతుకుని దాని కింద మిషను పెట్టుకుంటుంది. అక్క అరుగు దాకా రాలేకపోతోంది. రేకు వెనకే కూర్చుని కాజాలు కుడుతోంది, చినుకు పడితే కుట్టేవాటిని ఒళ్లో దాచుకుంటోంది. అర్జీలో ఉన్నది అంతే. టాపు వారసత్వ సంపదలో భాగం కనుక విడదీయడం కుదరదని అక్కడికక్కడే చెప్పేశారు. గది విషయం మాత్రం పరిశీలిస్తామన్నారు, పది మంది పౌరులు సాక్షి సంతకాలు పెడితే. ఎవరైనా సరే, ఏ పది మందైనా సరే.

పది మంది ఎంతసేపు? చూసింది ఊరంతా. పొద్దున పదకొండింటికల్లా ఆరుగురు సరేనన్నారు. మధ్యాహ్నం బావమరిదిగారు కొత్త పథకం ప్రకటించారు. సద్వర్తన గల పౌరులకి, కుటుంబ సమేతంగా, కారులో ఒక చుట్టు. పేర్లు నమోదు చేసుకోవాలి, వరస ప్రకారం పిలుస్తారు. పురపాలక సంఘం మీద అర్జీల్లో సంతకం చేసినవారు మాత్రం అనర్హులు. సాయంత్రానికి ఆరుగురిలో అయిదుగురికి ఊరేగింపు రోజు తాము ఎటో చూస్తున్నట్టు గుర్తొచ్చింది. మెకానిక్ ఒక్కడి సంతకం నిలబడింది. అతనికి కారు ఎక్కాలని లేదట, అందులో ఇంజను లేదని తెలుసట. జాబితా మాత్రం వెయ్యి దాటింది. నా నంబరు పదకొండు వందల నలభై రెండు. వారానికి ముగ్గురి చొప్పున తిప్పుతున్నారు. తోసేవాళ్లం అలిసిపోతున్నాం కాబట్టి అంతకన్నా కుదరదు.

మొన్న టైలరమ్మ ఆ కాగితంతో నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యగారూ, నేను అట్టముక్కలు పరిచినప్పుడు మీరక్కడే ఉన్నారు. కారు వెనక్కి లాగినప్పుడు మీ చెయ్యి దాని మీదే ఉంది. మీరొక్కరు పెడితే మిగతావాళ్లూ పెడతారు."

కలం చేతిలోకి తీసుకున్నాను. తీసుకోలేదని ఎవరూ అనలేరు. మా మనవరాలు వాళ్ల బళ్లో అందరికీ చెప్పుకుందనీ, తాతయ్య కారులో తీసుకెళ్తాడని రోజూ అడుగుతోందనీ చెప్పాను. "నా వంతు ఒక్కటీ కానివ్వమ్మా, ఆ మర్నాడే పెడతాను" అన్నాను. వారానికి ముగ్గురంటే నా వంతు ఎప్పటికొస్తుందో ఆవిడకి లెక్క తెలుసు. కాగితం మడిచింది. వెళ్లబోతూ నన్ను ఎగాదిగా చూసి ఆగింది.

"చంక కింద కుట్టు విడిపోయింది, కారు తోసినప్పుడు కాబోలు. రేపు ఆ చొక్కా తెచ్చిపెట్టండి, వేసిస్తాను."

ఇంతదాకా చదివారంటే మీరు సహృదయులు. మీకు కోపం వచ్చే ఉంటుంది, మామీద నాలుగు మాటలు అనుకునే ఉంటారు. న్యాయమే. ఆ కాగితం ఇంకా టైలరమ్మ మిషను సొరుగులోనే ఉంది. పది గళ్లలో తొమ్మిది ఖాళీ. ఎదురింటి అరుగు ఎక్కడని ఎవరిని అడిగినా చూపిస్తారు, కలం కూడా ఆవిడే ఇస్తుంది.

కాకపోతే ఈ కథ విన్న మీలాంటి సహృదయులు ఇప్పటికే కొందరు మా ఆఫీసుకి వచ్చి వెళ్లారు. అందరూ ముందు ఆవిడ గురించి అయ్యో అన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించి అందరూ ఒక్కటే అడిగారు. మీకు ఆ శ్రమ లేకుండా ఇక్కడే చెప్పేస్తున్నాను. కారు ఎక్కే జాబితాకి దరఖాస్తులు మూడో నంబరు గదిలో ఇస్తారు. పదకొండు నుంచి ఒంటిగంట దాకా. రెండు ఫోటోలు తెచ్చుకోండి.